పులికాట్ పడవ ఇంజనుకు నమ్మకమైన మెకానిక్: ఎలా వెతకాలి, ఎలా పరీక్షించాలి

తడ, సూళ్ళూరుపేట, వాకాడు వైపు సొంత పడవ ఉన్న కుటుంబాలు పదేపదే అడిగే మాట ఒకటుంది: "ఇంజను చూసే మంచి మనిషి ఎవరన్నా ఉంటే చెప్పండి." ఒక పేరు చెప్పేసి ఊరుకుంటే పని అవదు. ఒకరికి బాగా చేసిన మెకానిక్ ఇంకొకరి ఇంజనును అరకొరగా వదిలేస్తాడు. ఆ రెండో యజమానికి ఏం చూడాలో, ఏం అడగాలో తెలియకపోవడమే చాలాసార్లు దానికి కారణం. పని సరిగ్గా జరిగిందో లేదో మీరే పట్టుకోగలిగితే మెకానిక్‌ను ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఫైబర్ పడవలకు బిగించే 8–10 హెచ్‌పీ పెట్రోలు ఔట్‌బోర్డ్ ఇంజన్ల (పడవ వెనక బయటి వైపు తగిలించేవి) గురించి. పొడవాటి తోక (చివర ప్రొపెల్లర్ ఉండే షాఫ్ట్) ఉన్న డీజిల్ ఇంజన్ల సంగతి చివర్లో కొంచెం ఉంది.

1. ముందు మీ ఇంజను గురించి మీరు రాసుకోండి

మెకానిక్‌కు ఫోన్ చేసే ముందే ఒక నోటుబుక్కు పెట్టండి. ఇంజనును పడవకు బిగించే బ్రాకెట్ మీద చిన్న ప్లేటు ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు దాని మీదే ఉంటాయి. ఉప్పుకు అక్షరాలు చెరిగిపోకముందే ఫోటో తీసి పెట్టుకోండి. సరైన స్పేర్ పార్టు దొరకాలంటే ఆ నంబరు ఉండాల్సిందే.

నోటుబుక్కులో ఉండాల్సినవి:

- మోడల్, సీరియల్ నంబరు, హెచ్‌పీ
- టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా
- షాఫ్ట్ పొడవు (పొట్టిదైతే 15 అంగుళాలు, పొడుగుదైతే 20)
- ఆఖరుసారి ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఇంపెల్లర్ (ఇంజనును చల్లబరిచే నీళ్ళ పంపులోని రబ్బరు రెక్కల చక్రం), ప్లగ్గులు మార్చిన తేదీలు
- నడిచిన గంటలు

చిన్న ఇంజన్లకు గంటల మీటరు ఉండదు. పోసిన పెట్రోలును బట్టి అంచనా వేయవచ్చు. 10 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజను ఫుల్ రేసులో గంటకు సుమారు 4 లీటర్లు తాగుతుంది, నిదానంగా పోతే అంతకన్నా బాగా తక్కువ. క్యాను నింపిన ప్రతిసారీ లీటర్లు రాస్తే నెలాఖరుకు గంటల లెక్క తేలుతుంది.

జబ్బు లక్షణాలు కూడా రాయండి, మందు మాత్రం మీరు రాయకండి. "కార్బొరేటర్ క్లీన్ చెయ్యన్నా" అన్నారంటే అతను అది చేసి చేతులు దులుపుకుంటాడు. ఇంజను మళ్ళీ ఆగినా తప్పు అతనిది కాదు, అడిగింది చేశాడు. "స్లోలో బాగుందన్నా. నలుగురం ఎక్కి రేస్ ఇస్తే పది నిమిషాలకు ఊపు తగ్గుతోంది, పెట్రోలు పైపు మీది రబ్బరు బల్బు నొక్కితే మళ్ళీ లాగుతోంది" అని చెప్పండి. అప్పుడు కారణం కనిపెట్టే బాధ్యత అతనిదవుతుంది. పైగా ఈ లక్షణం విన్న తెలిసిన మనిషి కార్బొరేటర్ విప్పడు. ముందు పెట్రోలు పైపు, క్యాను మూత గాలి రంధ్రం, ఫ్యూయల్ పంపు చూస్తాడు.

2. ఎక్కడ వెతకాలి, ఎవరిని అడగాలి

తిరుపతి టౌనులో బైకు మెకానిక్‌లకు కొదవ లేదు. ప్లగ్గు, కార్బొరేటర్, తాడు స్టార్టరు వరకు వాళ్ళలో చాలామంది బాగానే చేస్తారు. నీళ్ళ పంపు, గేర్‌బాక్స్ సీళ్ళు, గేర్ లింకు జోలికి మాత్రం వాళ్ళను పోనివ్వకండి. బైకులో అవి ఈ రకంగా ఉండవు.

వెతకాల్సింది రేవుల్లో. పులికాట్ ఒడ్డు ఊళ్ళు, వాకాడు వైపు సముద్రపు రేవులు, కృష్ణపట్నం, నెల్లూరు, ఇటు దక్షిణాన చెన్నైలోని కాశిమేడు హార్బరు. వారంటీ ఉన్న ఇంజనైతే కంపెనీ అధీకృత డీలరు దగ్గరికే పోండి. బయట విప్పిస్తే వారంటీ పోయే ప్రమాదం ఉంది.

"ఎవరు మంచోడు?" అని అడిగితే అందరూ తమ బావమరిది పేరే చెబుతారు. ఇలా అడిగి చూడండి:

- పడవ యజమానిని: "పోయినసారి ఇంజను ఎవరు విప్పారు? ఆ తర్వాత అదే కంప్లయింటుతో ఎన్నిసార్లు మళ్ళీ పోవాల్సి వచ్చింది?"
- స్పేర్ పార్టుల షాపాయనను: "ఇంపెల్లర్ కిట్లు, సీళ్ళు మీ దగ్గర ఎప్పుడూ కొనేదెవరు?" గ్యాస్కెట్లకు బదులు ఎప్పుడూ సీలింగ్ పేస్టు ట్యూబులే కొనే మెకానిక్ సంగతి ఆ షాపాయనకు బాగా తెలుసు.
- సరంగును (పడవ నడిపే మనిషిని): "ఇంజను నీళ్ళలో పడిపోతే ఆ రాత్రే ఎవరికి ఫోన్ చేస్తారు?"

మూడో ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు ఒకే పేరు చెప్పారంటే ముందు ఆ మనిషినే కలవండి.

వెళ్ళే సమయం కూడా ముఖ్యం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఇంజన్లన్నీ షెడ్లకు చేరేది అప్పుడే. జూన్ మొదటి వారంలో పోతే ఎంత మంచి మెకానిక్ అయినా తొందర పని చేస్తాడు. ఏప్రిల్ ఆఖర్లోనే ఇచ్చేయండి.

3. షెడ్డులో ఏం గమనించాలి

మాట్లాడే ముందు పది నిమిషాలు నిలబడి చూడండి.

నీళ్ళు నింపిన పెద్ద డ్రమ్ము ఉందా? ఔట్‌బోర్డ్ ఇంజనును నీళ్ళు లేకుండా కాసేపు తిప్పినా లోపలి రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు కాలిపోతాయి. "ఒక్క కిక్కే కదా, స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అంటూ పొడిగా తాడు లాగే షెడ్డు నుంచి ఇంజను తెచ్చేసుకోండి. దీనికి మినహాయింపు లేదు.

ఇంకా చూడాల్సినవి:

- ఇంజన్లు స్టాండుకు నిలువుగా వేలాడుతున్నాయా, నేల మీద ఎలా పడితే అలా పడేసి ఉన్నాయా? ఫోర్ స్ట్రోక్ ఇంజనును మాన్యువల్ చెప్పిన పక్కకు కాకుండా వేరే పక్కకు పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లోకి పోతుంది.
- విప్పిన బోల్టులు డబ్బాల్లో విడివిడిగా ఉన్నాయా, ఒకే గిన్నెలో కలిసిపోయాయా?
- టార్క్ రెంచ్ (బోల్టు బిగువు చూసేది), కంప్రెషన్ గేజ్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది), ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచేది) ఉన్నాయా? ఉంటే వాటి మీద వాడిన మరకలున్నాయా? కొత్తగా మెరిసే గేజ్‌తో మీకు లాభం లేదు.
- ప్రొపెల్లర్ నట్టుకు సుత్తీ ఉలీ వాడుతున్నారా?

షెడ్డు శుభ్రంగా లేకపోయినా పర్లేదు. ఆయిల్ మరకలు చూసి భయపడొద్దు.

4. అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

"గేర్ ఆయిల్ ఎలా పోస్తారన్నా?" దీనికి సరైన జవాబు ఒక్కటే. కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పైరంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చేదాకా. పైనుంచి పోస్తామన్నాడంటే లోపల గాలి మిగులుతుంది, గేర్లు సగం పొడిగా తిరుగుతాయి. మిగతా మూడూ అడగక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

"ఇంపెల్లర్ ఎప్పుడు మార్చాలి?" మంచి మెకానిక్ వెంటనే అంకె చెప్పడు. పడవ ఎక్కడ నడుస్తుందని అడుగుతాడు. పులికాట్ లోతు తక్కువ, అడుగున బురద. నీళ్ళతోపాటు ఇసుక, బురద కూడా పంపులోకి పోయి రెక్కలను, వాటి కింది ప్లేటును గీకేస్తాయి. సముద్రంలో రెండేళ్ళు వచ్చే ఇంపెల్లర్ ఇక్కడ ఏడాదికే అరిగిపోవచ్చు. "నీళ్ళు వస్తున్నంతకాలం ఏం కాదు" అనేవాడికి ఇవ్వకండి.

"ఉప్పుకు బోల్టు పట్టేస్తే ఏం చేస్తారు?" తుప్పు వదిలించే నూనె కొట్టి ఆగుతాం, అవసరమైతే వేడి చేస్తాం అనాలి. పొడవాటి పైపు తగిలించి తిప్పేస్తామంటే అల్యూమినియం దిమ్మలో సగం బోల్టు విరిగి ఉండిపోతుంది. దాన్ని తీయడానికి అసలు పని కన్నా ఎక్కువ ఖర్చవుతుంది.

"ఇప్పటి పెట్రోలుతో ఇబ్బందేమన్నా ఉందా?" బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా ఔట్‌బోర్డ్ మాన్యువళ్ళు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ తేమను లాగుతుంది. క్యానులో వారాల తరబడి నిలవ ఉంటే నీళ్ళు అడుగుకు విడిపోతాయి, పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి. నిలవ పెట్రోలు వాడొద్దని, పైపులు మార్చమని, నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ పెట్టమని చెప్పేవాడికి ఈ సంగతి తెలిసినట్టే.

5. చిన్న పనితో పరీక్ష: 100 గంటల సర్వీసు

పెద్ద రిపేరు తొలిసారే ఇవ్వకండి. మామూలు సర్వీసు ఇచ్చి దగ్గరుండి చూడండి. కొత్త ఇంజనుకు మొదటి సర్వీసు సుమారు 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు లేదా మాన్యువల్ చెప్పినన్ని నెలలకు, ఏది ముందొస్తే అది. ఈ ఒక్క పనిలో మనిషి పనితనం మొత్తం బయటపడుతుంది.

5.1 గేర్ ఆయిల్. ముందురోజు రాత్రంతా ఇంజనును నిలువుగా ఉంచమనండి. లోపల నీళ్ళుంటే అడుగుకు చేరి, కింది స్క్రూ విప్పగానే ముందు నీళ్ళే వస్తాయి. ఆయిల్ తెల్లగా, పాలు కలిపినట్టు ఉంటే సీలు పోయింది. కొత్త ఆయిల్ పోసి పంపించేస్తే సమస్యను దాచినట్టే. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు చూడాల్సిందే. చేపల వల నైలాన్ దారం షాఫ్ట్‌కు చుట్టుకుని సీలును కోసేయడం ఈ సరస్సులో మామూలే.

స్క్రూ అయస్కాంతం మీద నల్లటి పేస్టు కొంచెం ఉంటే ఫర్వాలేదు. ఇనుప పొరలు, ముక్కలు కనిపిస్తే గేర్లు అరుగుతున్నాయి. పోశాక ముందు పైస్క్రూ బిగించి, ఆ తర్వాతే కింది గొట్టం తీసి కింది స్క్రూ పెట్టాలి. రెండింటికీ కొత్త వాషర్లు వేయాలి. పాత వాషర్లే వేశాడంటే పది రూపాయల దగ్గర కక్కుర్తి పడ్డాడని గుర్తు పెట్టుకోండి.

5.2 ఇంపెల్లర్. కింది భాగం మొత్తం దింపాలి. పాత ఇంపెల్లర్ చేతికి తీసుకుని రెక్కలు లెక్కపెట్టండి. రెక్క ముక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో వెతకాలి. అది పైకి పోయి నీళ్ళ దారిలోనో, థర్మోస్టాట్ దగ్గరో ఇరుక్కుంటుంది. కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజను వేడెక్కుతోందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అదే.

ఇంపెల్లర్ ఒక్కటే కాకుండా కీ, గ్యాస్కెట్, ఓ రింగులు ఉన్న కిట్టు తెప్పించండి. బిగించేటప్పుడు సబ్బు నీళ్ళు రాసి, షాఫ్ట్‌ను ఇంజను తిరిగే దిశలోనే తిప్పుతూ దించాలి. షాఫ్ట్ పళ్ళకు మెరైన్ గ్రీజు రాయాలి, పైమొనకు మాత్రం రాయకూడదు. బోల్టులు పూర్తిగా బిగించే ముందే ముందుకు, న్యూట్రల్, వెనక్కు గేర్లు పడుతున్నాయో లేదో చూడాలి. బిగించేశాక చూసేవాడు మళ్ళీ అంతా విప్పుకుంటాడు.

5.3 ఇంజన్ ఆయిల్, ప్లగ్గులు. ఫోర్ స్ట్రోకుకు ఎఫ్‌సీ-డబ్ల్యూ గుర్తున్న 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40, మాన్యువల్లో ఏది ఉంటే అది. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు తీసి, నిటారుగా నిలబెట్టి డిప్‌స్టిక్ చూడాలి. గీత దాటి పోయడం కూడా తప్పే.

టూ స్ట్రోకుకు టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ వాడాలి. బైకుల టూటీ ఆయిల్ గాలికి చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, ఇక్కడ బూడిద పేరుకుంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 20 లీటర్ల క్యానుకు 400. కొత్త ఇంజనుకు మొదటి 10 గంటలు సాధారణంగా దానికి రెట్టింపు.

5.4 కంప్రెషన్. సర్వీసులో భాగం కాకపోయినా తొలిసారి అడిగి చేయించండి. ఇంజను వెచ్చగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగైదుసార్లు తాడు లాగి అంకె చూడాలి. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే కారణం వెతకాలి. ఆ అంకెలు తేదీతో రాసుకోండి. వచ్చే ఏడాది ఎవరైనా "రింగులు పోయాయి, ఇంజను దింపాలి" అంటే ఈ అంకెలతో పోల్చి చూడమనవచ్చు.

5.5 పరుగు పరీక్ష. డ్రమ్ములో స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలోనే వెనక నుంచి నీళ్ళ ధార రావాలి. తాడు తగిలించిన కిల్ స్విచ్ లాగితే ఇంజను ఆగాలి. గేరులో ఉండగా స్టార్ట్ కాకూడదు.

డ్రమ్ముతో సరిపెట్టుకోవద్దు. మామూలుగా ఎక్కే మనుషులు, సామానుతో నీళ్ళ మీద ఫుల్ రేస్ ఇచ్చి చూడాలి. ఈ సైజు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు చాలావరకు నిమిషానికి 5,000–6,000 చుట్లు తిరగాలి. అంతకన్నా బాగా తక్కువైతే ఇంజనుకు ఊపిరాడడం లేదు, లేదా ప్రొపెల్లర్ పడవకు సరిపోలేదు.

పది గంటలు నడిచాక గేర్ ఆయిల్ కింది స్క్రూ కొద్దిగా వదిలి ఒక్క చుక్క చూడండి. తెల్లబడి ఉంటే వెంటనే మెకానిక్ దగ్గరికి పోండి. ఆ రోజు అతను ఎలా మాట్లాడతాడో దాన్నిబట్టి అతన్ని ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు.

6. డబ్బు, పార్టులు, మాట

పని మొదలయ్యే ముందు వాట్సాప్‌లో నాలుగు లైన్లు పెట్టండి. కాగితం మీద సంతకాలు అడిగితే ముఖం మాడ్చుకునేవాళ్ళు కూడా దీనికి ఏమీ అనుకోరు:

"అన్నా, 100 గంటల సర్వీసు. గేర్ ఆయిల్, ఇంపెల్లర్ కిట్టు, ప్లగ్గులు, ఫిల్టర్. పార్టులు వేరే, కూలి వేరే రాయండి. పాత పార్టులు కవర్లో పెట్టి ఇవ్వండి. ఇంకేదైనా మార్చాల్సి వస్తే ఫోటో పెట్టి, నేను సరే అన్నాకే విప్పండి."

అడ్వాన్సు పార్టుల వరకే ఇవ్వండి. నకిలీలు ఎక్కువగా వచ్చేది ఇంపెల్లర్లు, ప్లగ్గులు, ఫిల్టర్లలో. ప్యాకెట్ మీది పార్టు నంబరును మీ మోడల్ పార్టుల బొమ్మతో సరిచూడండి. "కంపెనీదే, ప్యాకెట్ చిరిగిపోయింది" అన్న పార్టు వద్దు. బయటి కంపెనీ ఇంపెల్లర్ చవగ్గా వస్తే అదైనా వేయించుకోవచ్చు, కానీ అది బయటిదని ముందే చెప్పి వేయాలి.

కూలి దగ్గర గీచి గీచి బేరమాడకండి. తగ్గించిన ఆ కాస్తను మెకానిక్ వాషర్లలోనో, గ్రీజులోనో, పరుగు పరీక్షలోనో మిగుల్చుకుంటాడు.

7. మన వైపు జరిగే పొరపాట్లు

మెకానిక్ ఎంత మంచివాడైనా వీటికి అతను ఏమీ చేయలేడు.

- ఉప్పు కడగకపోవడం. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళ డ్రమ్ములో స్లోలో 5–10 నిమిషాలు తిప్పాలి. రేస్ ఇవ్వకూడదు.
- ధార సన్నబడగానే ఇంపెల్లర్ మార్పించడం. ముందు బయటి రంధ్రంలో నైలాన్ దారం దూర్చి చూడండి. ఉప్పు, బురద అడ్డుపడి ఉండవచ్చు. అప్పటికీ రాకపోతేనే షెడ్డుకు.
- లోతు లేనిచోట ఇంజనును ఎత్తి నడపడం. నీళ్ళు పీల్చే రంధ్రాలు మునిగే ఉండాలి. బురదలో ప్రొపెల్లర్ ఈడుస్తుంటే ఇంజను ఆపి గడకర్ర వాడండి.
- రెండు మూడు వారాలు వాడనప్పుడు కార్బొరేటర్లో పెట్రోలు ఉంచేయడం. గిన్నె స్క్రూ విప్పి ఆ పెట్రోలు వంపేయండి. లేదంటే జిగురు పట్టి జెట్టు మూసుకుపోతుంది.
- ఆనోడ్‌కు రంగు వేయడం. తాను కరిగి ఇంజనును కాపాడే లోహపు ముక్క అది. రంగు వేస్తే పని చేయదు. సగం కరిగాక మార్చాలి.
- ఒకే జబ్బుకు ఇద్దరికి చూపించడం. మొదటివాడు విప్పింది రెండోవాడు విప్పాడంటే తప్పెవరిదో ఇక తేలదు.

ఇంజను ఉప్పునీళ్ళలో మునిగిపోతే స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకండి. బయటికి తీసి ఎండలో ఆరబెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. గాలి తగిలిన నిమిషం నుంచే తుప్పు మొదలవుతుంది. మంచినీళ్ళతో కడిగి, మంచినీళ్ళలోనే ముంచి ఉంచి, కొన్ని గంటల్లోపే మెకానిక్ దగ్గరికి చేర్చాలి.

8. డీజిల్ తోక ఇంజనైతే

ఇక్కడ పని సగం తేలిక. గాలికి చల్లబడే రకానికి నీళ్ళ పంపు ఉండదు. వ్యవసాయ డీజిల్ ఇంజన్లు చేసే మెకానిక్‌కు వాల్వు గ్యాపు, ఇంజెక్టరు, ఆయిల్ మార్పు అలవాటే. తోక షాఫ్ట్ బుష్షులు, దాని సీళ్ళు, ఇంజనుకు తోకకు మధ్య కప్లింగ్ సూటిగా కూర్చుందా లేదా అన్నది మాత్రం రేవు మనిషే చూడాలి. కొత్తగా వణుకు మొదలైతే ఇంజను విప్పకముందే కప్లింగ్ చూపించండి.

9. మెకానిక్‌ను ఎప్పుడు మార్చాలి

అదే జబ్బు ఒకసారి తిరిగొస్తే అతనికే ఇవ్వండి, కూలి లేకుండా చూస్తాడేమో గమనించండి. రెండోసారి కూడా తిరిగొచ్చి, కారణం చెప్పకుండా ఇంకో కొత్త పార్టు అడిగితే ఆపేయండి. పాత పార్టులు ఇవ్వకపోవడం, చెప్పకుండా అదనపు పని చేయడం, ఇంజనును వారాల తరబడి విప్పి పెట్టడం, వీటిలో ఏ రెండు కనిపించినా అంతే. మారేటప్పుడు గొడవ పడొద్దు. రేవులో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే, రేపు పార్టు కోసం అతని దగ్గరికే పోవాల్సి రావచ్చు.

కొత్త మనిషికి మీ నోటుబుక్కు చూపించండి. దాన్ని తెరిచి చదివి, కంప్రెషన్ అంకెల గురించి అడిగితే మంచిదే. పక్కన పడేసి స్పానర్ అందుకుంటే మళ్ళీ నాలుగో అంశం దగ్గర్నుంచి మొదలుపెట్టండి.

పడవలో ఎప్పుడూ ఉండాల్సినవి, నీళ్ళు పోని డబ్బాలో:

- ప్లగ్గులు రెండు, ప్లగ్గు స్పానర్
- ప్రొపెల్లర్ పిన్ను, కాటర్ పిన్ను, నట్టు
- స్టార్టరు తాడు, కిల్ స్విచ్ తాడు ఒక్కోటి
- ప్లయరు, వల దారం కోయడానికి కత్తి, టార్చి లైటు
- కాగితం మీద రాసిన మెకానిక్ ఫోన్ నంబరు. ఫోన్ తడిస్తే అందులో ఉన్న నంబరు పనికిరాదు